రికార్డుకెక్కిన గొంతు, రికార్డుకెక్కని పేరు

పాత గ్రామఫోను రికార్డులు, మన పల్లెల మాటలో చెప్పాలంటే ‘ప్లేట్లు’, పోగుచేయడం ఇవాళ గౌరవప్రదమైన వ్యాపకం. లక్కతో చేసిన 78 రికార్డులకూ, ఆ తర్వాత వచ్చిన వినైల్ ఎల్పీలకూ పాత సామాన్ల బజార్లో గిరాకీ పెరిగింది. గీత పడకుండా ఉన్నదానికి ఒక ధర, అట్టా లేబులూ చెక్కుచెదరకుండా ఉన్నదానికి ఇంకో ధర. ఎక్కడా దొరకనిదానికైతే అడిగినంత. దీంతో దళిత అధ్యయనాలకు ఏం పని అని మిత్రులు కొందరు అడగొచ్చు. పని ఉందనే మేము అంటున్నాం. ఎందుకంటే ‘అరుదైనది’ అనేది అమాయకమైన మాట కాదు. ఏ గొంతు రికార్డయింది? ఏది కాలేదు? అయినదాన్ని ఎవరు దాచుకోగలిగారు? దాచినదాని మీద ఎవరి పేరు మిగిలింది? ఈ నాలుగు ప్రశ్నలూ వేసుకోకుండా అరుదైనదాన్ని మెచ్చుకోవడమంటే కులం కట్టిన ధరను మనమూ ఒప్పుకోవడమే.

ముందు వస్తువు సంగతి చూద్దాం. 78 రికార్డు అంటే లక్క, రాతి పొడి, మసి, గట్టిదనం కోసం కాస్త పత్తి పీచు కలిపి వేడిమీద ఒత్తిన బిళ్ళ. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాల పాట. ఆ లక్కను చోటా నాగపూర్ వంటి అడవుల్లో చెట్ల కొమ్మల మీంచి గీకి తెచ్చింది ఆదివాసులు. పత్తి చేలో ఎవరు వంగి ఏరతారో గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు మేము చెప్పనక్కర్లేదు. ప్లేటు ఒళ్ళంతా శ్రామిక కులాల చెమట ఉంది. లేబుల్ మీద మాత్రం కంపెనీ పేరు, పాట మొదటి మాటలు, పాడినవారి పేరు, రాగం, ఒక నంబరు. సేకరించేవాళ్ళు చదివేది ఆ లేబులే. మనం చదవాల్సింది లేబుల్ మీద లేనిదాన్ని కూడా.

గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాటను రికార్డు చేశాడు. పరువు గల పెద్దమనుషులు ఆ గొట్టం ముందు నిలబడటానికి జంకుతున్న రోజులవి. దక్షిణాదిన కూడా తొలి రోజుల్లో ధైర్యంగా నిలబడిన వాళ్ళలో దేవదాసీ కుటుంబాల స్త్రీలు ముఖ్యులు. సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ అలా పాడినవాళ్ళే. ఆ తర్వాత ఏం జరిగింది? 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ ఆచారం పోవాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. అయితే ఆచారంతోపాటు ఆ స్త్రీలకు వేదికా పోయింది, బతుకుతెరువూ పోయింది. వాళ్ళ సంగీతం మటుకు పోలేదు. అది అగ్రవర్ణ సభల్లోకి నడిచి ‘శాస్త్రీయం’ అయి కూర్చుంది. ఇప్పుడు ఆ స్త్రీల ప్లేట్ల కోసం వెతుకులాడేవాళ్ళున్నారు. గొంతు కావాలి, మనిషి అక్కర్లేదు. ఈ వరసను గుర్తుపెట్టుకుంటే మన సంగతి కూడా అర్థమవుతుంది.

ఒంగోలుకు తూర్పున సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నం లాంటి ఊళ్ళో ప్లేటు ఎవరింట ఉండేది? కీ ఇచ్చి తిప్పే పెట్టె, ప్లేట్లు, మాటిమాటికీ మార్చాల్సిన ముల్లు ఇవన్నీ కొనాలంటే భూమన్నా ఉండాలి, వ్యాపారమన్నా ఉండాలి. మిరపకాయ కోతకో, పత్తి తీతకో, వలలు లాగడానికో పోయి ఏ పూటకాపూట బతికేవాళ్ళకు పాట అందింది మైకు సెట్టు వచ్చాకనే. పెళ్ళికో, క్రిస్మసుకో, తిరునాళ్ళకో చెట్టుకు కట్టిన హారన్ లోంచి విన్నారు. ప్లేటు మైకు సెట్టాయనది, వినికిడి అందరిదీ. గాలికి కులప్పట్టింపు లేదు గాబట్టి ఊళ్ళో పెట్టిన పాట పల్లెకొచ్చింది. పల్లెలో పెట్టింది ఊళ్ళోకీ పోయింది. అలా హారన్ లో విన్న పద్యాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టి, హార్మోనియం మాస్టారి దగ్గర శ్రుతి సరిచేసుకొని, రాత్రంతా నాటకమాడిన వాళ్ళు మన పల్లెల్లో ఎందరో. చదువు రానివాడు కూడా వంద పద్యాలు గుండెలో దాచుకున్నాడు. అది సేకరణ కాదా? అలమరా ఉంటేనే సేకరణా?

1937 వేసవిలో ఇదే కొత్తపట్నంలో రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించి పోలీసుల్ని దింపింది. జాతీయోద్యమ చరిత్రలో ఆ ఘట్టానికి చోటుంది. ఆ వేసవిలో ఆ ఊరి మాల, మాదిగ, జాలరి వాడల్లో ఏ పాట పాడుకున్నారో ఆ చరిత్రలో వెతికితే దొరకదు. రాత రానివాళ్ళ చరిత్ర ధ్వనిలో ఉంటుంది. ఆ ధ్వనిని పట్టే యంత్రం వాడకు రాలేదు.

ఇక అసలు విషయానికొద్దాం. కోస్తాలో నాటక పద్యాల ప్లేట్లంటే మొదట గుర్తొచ్చేది ‘సత్య హరిశ్చంద్ర’. రాసింది గుంటూరు సీమకు చెందిన బలిజేపల్లి లక్ష్మీకాంతం. అందులో కాటి సీను ప్రాణం. డి.వి. సుబ్బారావు లాంటి నటుడు ఆ సీనులో గొంతెత్తితే జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్ళు, ఆయన మళ్ళీ పాడేవాడు. ప్లేటంటే అలసిపోని వన్స్ మోరే మరి. కానీ ఆ కాటి సీనులో జనం పదేపదే అడిగి పాడించుకున్న శ్మశానం పద్యాలు బలిజేపల్లివి కావు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువావి. ఆయన ఖండకావ్యంలోంచి రంగస్థల నటులు తీసుకొని నాటకంలో కలుపుకున్నారు. బాగున్నాయి గనుక కలుపుకున్నారు, కాదనం. కానీ తరాల తరబడి లక్షల మంది వాటిని బలిజేపల్లి పద్యాలుగానే విన్నారు. నాటకం పేరు తెలుసు, వేషగాడి పేరు తెలుసు. కవి పేరు తెలీదు. అంటరానివాడని పంక్తిలోంచి లేపిన కవి పద్యాన్ని అదే సమాజం చప్పట్లు కొట్టి విన్నది, పేరును గడప బయటే ఉంచి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ సీనులో హరిశ్చంద్రుడి కష్టమేమిటి? రాజ్యం పోవడం, భార్యాబిడ్డల్ని అమ్ముకోవడం, చివరికి వీరబాహుడి దగ్గర కాటికాపరిగా చేరడం. చక్రవర్తికి మన పని చేయాల్సి రావడమే నాటకంలో పతనానికి అట్టడుగు మెట్టు. ప్రేక్షకులు కంటతడి పెట్టుకునేది అందుకే. మరి తరతరాలుగా కాటి పని చేసినవాడి కోసం ఏ నాటకంలో ఏడ్చారు? సత్యం కోసం కొన్నాళ్ళు కాటికాపరి అయినవాడు మహాత్ముడు. పుట్టుకతో కాటికాపరి అయినవాడు వట్టి వీరబాహుడు. ఆ రాజు నోట్లోనే జాషువా పద్యం పెట్టారు. జాషువా చెప్పిందేమో అస్పృశ్యతకు చోటులేని ఒకే ఒక్క తావు శ్మశానమని. నిజంగా బతికి ఉండగా దొరకని సమానత్వాన్ని చావులో వెతుక్కున్న మనిషి ఆక్రోశం అది. రాజు నోటికొచ్చేసరికి అది వేదాంతమైపోయింది. ‘అంతా మట్టిలో కలిసేదే’ అన్న వైరాగ్యం కింద విని, ఇంటికెళ్ళి పల్లెను ఎప్పట్లాగే దూరం పెట్టడానికి ఎవరికీ అడ్డు రాలేదు. పైగా వాస్తవంలో శ్మశానాలకు కూడా కులముంది. దొరల కాడు వేరు, మన బొందలగడ్డ వేరు. ఆరడుగుల నేల కోసం ఇప్పటికీ అర్జీలు పెట్టుకుంటున్న పల్లెలున్నాయి. పద్యం రాసిన మనిషెవరో లేబుల్ మీద ఉంటే, మైకులో చెప్పి ఉంటే, విన్నవాళ్ళకు ఆ పద్యం వేరే అర్థమిచ్చేది. కవి పేరు తీసేయడం మర్యాదకు సంబంధించిన లోపం మాత్రమే కాదు. అది పద్యం అర్థాన్నే మార్చింది.

ధ్వనితో జాషువాకు దగ్గరి సంబంధమే ఉందని కూడా గుర్తుచేయాలి. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ, మాటలు చెప్పే ఉద్యోగం చేశాడు. 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియోలో పనిచేశాడు. మూగ బొమ్మకు గొంతు అరువిచ్చినవాడు, తన పద్యానికి తన పేరు అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది.

జానపదం సంగతీ ఇంతే. వింజమూరి సీత, అనసూయ సోదరీమణులు పల్లె పాటల్ని రేడియోలో, రికార్డుల్లో పాడి ప్రచారంలోకి తెచ్చారు. వాళ్ళ కృషిని చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. కానీ నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ పాట కట్టిన కూలి తల్లి గొంతు స్టూడియోకు పోలేదు. పాట పోయింది. శ్రుతిలో పెట్టి, యాస కడిగి తీసుకెళ్ళారు. డప్పును గొట్టం ముందు పట్టడం కష్టమని అంటారు. తొలినాటి యంత్రాలకు తాళవాద్యాలతో ఇబ్బంది ఉన్నమాట నిజమే. మరి మృదంగం, తబలా ఎలా ఎక్కాయి? యంత్రం ఇబ్బంది మైకు వచ్చాక తీరింది. మనుషుల ఇబ్బంది తీరలేదు.

మన గొంతు మన పేరుతో వినిపించింది క్యాసెట్టు వచ్చాకనే. 1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులోనూ, 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులోనూ దళితుల్ని ఊచకోత కోశారు. ఆ దుఃఖంలోంచి, దాని తర్వాతి పోరాటంలోంచి వచ్చిన పాట సభల్లో టేపుకెక్కింది. ఒక క్యాసెట్టు నుంచి ఇంకో క్యాసెట్టుకు ఎక్కించుకుంటూ పల్లె పల్లెకీ పోయింది. గద్దర్, మాస్టార్జీ లాంటి వాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. ఆ సభల్లోనే ఒకే ఒక్క రాత్రి పాడి కూలికి పోయిన వాళ్ళ పేర్లు? ఆ క్యాసెట్లకు పాత సామాన్ల బజార్లో పైసా ధర లేదు. వాటి మీద సినిమా పాటలు ఎక్కించేశారు. టేపు సాగిపోయింది, ఉప్పు గాలికి బూజు పట్టింది. లక్క ప్లేటు కింద పడకపోతే వందేళ్ళు ఉంటుంది. క్యాసెట్టు టేపుకు అంత ఆయుష్షు లేదు. ఏది అరుదో ఇప్పుడు చెప్పండి.

సేకరించేవాళ్ళ నుంచి నేర్చుకోవాల్సింది మాత్రం చాలా ఉంది. జమీందారీ కుటుంబంలోంచి వచ్చిన వి.ఎ.కె. రంగారావు మద్రాసులో వేలాది రికార్డులు కూడబెట్టడమే కాదు, రాసిందెవరు, పాడిందెవరు అని పట్టుబట్టి వివరాలు సేకరించారు. బొంబాయిలో 1990లో రికార్డు సేకర్తల సంఘమే ఏర్పడింది. వాళ్ళకు ఇల్లుంది, తీరికుంది, డబ్బుంది. మనకు అవి లేకపోవచ్చు గానీ వాళ్ళ పట్టుదల అరువు తెచ్చుకోవడానికి డబ్బక్కర్లేదు.

కాబట్టి కార్యకర్తలకు, విద్యార్థులకు, టీచర్లకు మా మాట ఇది. మీ పల్లెలో మిగిలిన క్యాసెట్లు వెతకండి. దొరికిన ప్రతి క్యాసెట్టుకూ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి, దానిమీద ఇంకేదీ ఎక్కదు. స్పీకరు అయస్కాంతానికి, తేమకు దూరంగా పెట్టండి. ఆలస్యం చేయకుండా కంప్యూటర్లోకి ఎక్కించి ఒక కాపీ ఆ పల్లెకే ఇవ్వండి. అన్నిటికన్నా ముందు ఒక కాగితం మీద రాయండి: పాట ఎవరు కట్టారు, ఎవరు పాడారు, డప్పు ఎవరు కొట్టారు, ఏ ఊళ్ళో, ఏ సభలో, ఏ ఏడు. ఆ మనుషులు బతికుండగానే రాయండి. కంపెనీ వేయని లేబుల్ మనమే వేసుకోవాలి.

పాత ప్లేట్ల విషయంలోనూ ఒక పని వెంటనే చేయొచ్చు. దానికి ఖర్చేమీ లేదు. ఈసారి మీ ఊళ్ళో కాటి సీను ఆడినా, ఆ పద్యం ప్లేటు మీదో ఫోనులోనో పెట్టినా, పద్యం మొదలయ్యే ముందు మైకు అందుకొని ఒక్క మాట చెప్పండి: ఈ పద్యం గుర్రం జాషువాది.