ఒంటి దవడ పురుగు

వేరుశనగ చేలో ఇంకా పూర్తిగా విచ్చుకోని లేత ఆకును తుంచి తెల్లకాగితం మీద తట్టండి. గడ్డి నలుసుల్లాంటివి నాలుగైదు రాలతాయి. నలుసులే అనుకుని ఊదబోతే నడక మొదలుపెడతాయి. అవే తామర పురుగులు. పొడవు ఒక మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. వీటి రెక్కల్ని రెక్కలనడం కంటే కుంచెలనడం నయం. సన్నటి పుల్లకు రెండువైపులా వెంట్రుకల అంచు, అంతే. గాలి ఎటు తీసుకుపోతే అటు.

నోరు ఇంకా విచిత్రం. దవడ ఒక్కటే, అదీ ఎడమది. కుడిది గుడ్డులో ఉండగానే కరిగిపోతుంది. ఆ ఒంటి దవడతో ఆకు పొరకు చిల్లు పొడిచి, రెండు సూదులు జోడించిన గొట్టాన్ని అందులోకి దింపి కణంలో రసం పీలుస్తుంది. కడుపారా తిన్న చోట కణాలు చచ్చిపోయి వెండిరంగు మచ్చ మిగులుతుంది. ఈ పురుగు మోసుకొచ్చే వైరస్‌కు మాత్రం చచ్చిన కణంతో పనిలేదు. పురుగు రుచి చూడటానికి కొద్దిగా పొడిచి, లాలాజలం వదిలి, పక్కకు జరుగుతుందే, ఆ బతికిన కణమే దానికి కావాలి.

వేరుశనగలో మొవ్వకుళ్ళు తెచ్చే వైరస్ ఈ దారినే వస్తుంది. ఆకుల మీద వలయాల్లాంటి మచ్చలు, తర్వాత మొవ్వ మాడిపోవడం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇందులో నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. రెక్కలొచ్చిన పురుగు మొదటిసారిగా రోగపు మొక్క మీద వాలి ఎంత రసం తాగినా రోగాన్ని మోయలేదు. పిల్లదశలో తాగినదే మోయగలదు. మొక్కగా ఉన్నప్పుడే వంచాలన్న సామెత ఈ వైరస్‌కు ఎవరు చెప్పారో!

దీనికి కారణం పిల్లపురుగు ఒంటి అమరికలోనే ఉందంటారు. గుడ్డు పగిలి వచ్చిన తొలిదశలో, రసం పీల్చే కండరాలు తలనంతా ఆక్రమించుకుని మెదడును వెనక్కి, ఛాతీలోకి నెట్టేస్తాయి. ఆ ఇరుకులో లాలాజల గ్రంథులు పేగుకు ఆనుకుని ఉంటాయి. వైరస్ పేగు గోడ కణాల్లో దిగి, అక్కడే పిల్లలు పెట్టి, పేగు చుట్టూ ఉన్న కండరం మీదుగా పక్కింట్లోకి వెళ్ళినంత సులువుగా గ్రంథుల్లోకి చేరుతుంది. పురుగు ఎదిగేకొద్దీ అవయవాలు సర్దుకుని దూరం జరుగుతాయి, తలుపు మూసుకుంటుంది. ముందే లోపలికి చేరినది మాత్రం పురుగు బతికినన్నాళ్ళూ ఉంటుంది. తల్లి నుంచి గుడ్డుకు రాదు కాబట్టి ప్రతి తరమూ దాన్ని కొత్తగా తాగి తెచ్చుకోవాల్సిందే. అంటే తల్లి రోగపు మొక్క మీదే గుడ్లు పెట్టాలి, పిల్ల అక్కడే పెరగాలి, రెక్కలొచ్చాక ఎగరాలి. ఇన్ని కలిసొస్తేగానీ మొవ్వ కుళ్ళదు.

2000లో అనంతపురం జిల్లా వేరుశనగ ఎండిపోతుంటే మొదట మొవ్వకుళ్ళే అనుకున్నారు. మాడిన మొవ్వ చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. పరీక్షల్లో తేలింది వేరే వైరస్, పొగాకు చారల వైరస్. తెగులు పేరు కాండం కుళ్ళు. దాదాపు 2,25,000 హెక్టార్లు దాని బారిన పడ్డాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఇక్కడా మధ్యవర్తి తామర పురుగే, పనితీరు మాత్రం పూర్తిగా వేరు. ఈ వైరస్‌కు పురుగు పేగుతో నిమిత్తం లేదు. గట్ల మీద పూసిన వయ్యారిభామ పుప్పొడిలో అది ఉంటుంది. పూలలో తిరిగిన పురుగు, పిండిమర నుంచి వచ్చినవాడి చొక్కాలా, ఒళ్ళంతా పుప్పొడి పూసుకుని వస్తుంది. గాలి కూడా కొంత పుప్పొడిని ఆకుల మీద చల్లి పెడుతుంది. ఒంటి దవడ చిల్లు పొడవగానే పుప్పొడిలోని వైరస్ ఆ గాయంలోంచి లోపలికి పోతుంది.

పనితనం అంటే నా ఓటు మొదటిదానికే. రెండోదాంట్లో నైపుణ్యం ఏముంది, పువ్వు, గాలి, పంటిగాటు ఒకచోట కలవడమేగా? కానీ అంత నష్టం చేసింది అదే.

అందుకే చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న వేయమంటారు, గాలిలో వచ్చే పురుగులకు అడ్డుగా. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయమంటారు. చెప్పినంత తేలిక కాదది. వైరస్ ఉన్నా ఆ మొక్క ఆకు మీద ఒక్క మచ్చ కనిపించదు. తెల్లపూలతో నవనవలాడుతూ ఉంటుంది. తెగులు కోసం చేనంతా వెతికే రైతు దాన్ని దాటుకునే లోపలికి నడుస్తాడు.