జ్వరం మంచం పక్కన ఎవరు?

అమ్మవారు పోసిన ఇంట్లో ఎట్లా మెలగాలో మా కడప జిల్లాలో ఎవరికీ నేర్పనక్కర్లేదు. గుమ్మానికి వేపమండలు కడతారు. అవి చూసిన చుట్టం వాకిలి దాటడు. పడకలో ఉన్న బిడ్డ దగ్గరికి ఒక్కరే పోతారు. చెంబు వేరు, దుప్పటి వేరు. తాలింపు పెట్టరు. తాలింపుకూ రోగానికీ సంబంధం లేదు గానీ, మిగిలినవన్నీ ఏ డాక్టరైనా చెప్పే మాటలే. మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. ఆ కట్టుబాటు ఇప్పుడు ఆటలమ్మ వచ్చినప్పుడు కనిపిస్తుంది. ఫ్లూకు మాత్రం వేపమండ లేదు. "పడిశెమే గదా" అంటాం. ముక్కు కారుతున్న పిల్లోణ్ణి బడికి పంపుతాం, తుమ్ముకుంటూనే పెళ్లిబట్టలకు ప్రొద్దుటూరు బజారుకు పోతాం.

ఆ పడిశెమే 1918లో దేశాన్ని ఊడ్చేసింది. జూన్‌లో బొంబాయిలో బయటపడి, రైలు దారుల వెంట లోపలి ఊళ్లకు పాకింది. బొంబాయి-మద్రాసు లైను మా ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగానే పోతుంది. ఆ ఏడు వానలూ ముఖం చాటేశాయి, గింజల ధర కొండెక్కింది. దేశంలో పోయినవాళ్లు 1.2 కోట్ల నుంచి 2 కోట్ల దాకా ఉంటారని అంచనాలు. 1911లో కంటే 1921లో దేశ జనాభా తగ్గింది; జనాభా లెక్కల్లో మళ్లీ ఏ పదేళ్లకూ అట్లా జరగలేదు. నన్ను నిలేసేది ఇంకో సంగతి. పోయినవాళ్లలో 20 నుంచి 40 ఏళ్ల వయసువాళ్లు ఎక్కువ, మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ. తిండి చాలక కొంత, రోగుల పక్కన కూర్చున్నందుకు కొంత అని చరిత్ర రాసినవాళ్లు కారణాలు వెతికారు. ఆ రెండోది అర్థం చేసుకోవడానికి నాకు చరిత్ర పుస్తకం అక్కర్లేదు, ఏ వంటింట్లోకి తొంగిచూసినా చాలు.

ఇంటిని ఫ్లూ నుంచి కాపాడాలంటే ముందు ఆ పక్కన కూర్చునే మనిషిని కాపాడాలి. ఆ మనిషి ఎవరన్నది మన ఇళ్లలో ఎవరూ కూర్చుని తేల్చరు. ఎప్పుడో తేలిపోయి ఉంటుంది.

పోయిన వానాకాలం పులివెందులలో మా చెల్లెలి మామకు జ్వరం పట్టుకుంది. చెల్లెలు కడుపుతో ఉంది. అయినా కషాయం గ్లాసు ఆమె చేతిలోనే. ఫోన్లో విని, ఆ పని మరిదికి అప్పజెప్పమన్నా. "ఆయనకు చేతకాదక్కా" అంది. "జ్వరం చూడ్డానికి, నీళ్లు అందియ్యడానికి ఏం చేతకావాల మే?" అన్నా. గర్భిణులకు, 65 దాటినవాళ్లకు, చక్కెర జబ్బో ఉబ్బసమో ఉన్నవాళ్లకు, పసిపిల్లలకు ఫ్లూ ముదిరే ప్రమాదం ఎక్కువ. సేవకు వాళ్లను దింపకూడదు. గట్టిగా ఉన్నవాళ్లు ఒక్కరు చాలు. వాళ్లకో మాస్కు, రోగికో మాస్కు. మరిది మొదటి పూట గొణిగినాడు, తర్వాత సర్దుకున్నాడు. వాళ్ల నాయనే గదా!

ఇక గది సంగతి. జమ్మలమడుగులో మా జేజి ఉండిన ఇల్లు మట్టిమిద్దె. నడింట్లో పైకప్పుకు గవాచి ఉండేది. వెలుతురు కోసం పెట్టిందే అయినా లోపలి వేడిగాలి దాంట్లోంచే బయటపడేది. ఇప్పుడు స్లాబు, అద్దాల కిటికీ, ఏసీ. ఫ్లూ దగ్గుతో తుమ్ముతో తుంపరల్లో వస్తుంది. పెద్ద తుంపరలు దగ్గర్లోనే నేలకు రాలతాయి, సన్నవి మూసిన గదిలో తేలుతూ ఉండిపోతాయి. మన గోడ ఏసీలు గదిలో ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తాయి, బయటి గాలిని తేవు. రోగి గదిలో ఏసీ ఆపి కిటికీ తీయడమే మేలు. కడప ఎండల్లో ఈ మాటంటే కొడతారు. కానీ మన దేశంలో ఫ్లూ జోరు వానాకాలంలోనూ, జనవరి నుంచి మార్చి దాకానూ. అప్పుడు ఫ్యానుతో బతకొచ్చు.

వేరే గది ఎక్కడుందమ్మా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమే. మగ్గం గుంట సగం ఇల్లు మింగేసిన నేతగాళ్ల ఇళ్లు మా చుట్టుపక్కల ఎన్నో. అట్లాంటి చోట రోగి మంచం వసారాలో వేయాలి. అదీ కుదరకపోతే, ఒకరి తల ఉన్న వైపు ఇంకొకరి కాళ్లు వచ్చేట్టు పక్కలు పరచాలి. చిన్న మార్పే, పైసా ఖర్చు లేదు.

క్రిమి ఒంట్లో చేరిన ఒకటి నుంచి నాలుగు రోజులకు జ్వరం బయటపడుతుంది. అంతకు ఒక రోజు ముందు నుంచే ఆ మనిషి ఇతరులకు అంటించగలడు. తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు. కాబట్టి తుమ్ము వినపడ్డాక మొదలుపెట్టే జాగ్రత్త సగం జాగ్రత్తే. వీధిలో జ్వరాలు తిరుగుతున్నాయంటే, వాకిట్లో కాళ్లు కడుక్కునేటప్పుడే చేతులూ సబ్బుతో కడగాలి. ఈ క్రిమికి కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చీలుస్తుంది. బడికి ఎప్పుడు పంపాలంటే, మాత్ర వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడిచాక.

మందుల గురించి నాకు కోపమే ఉంది. మిరియాల కషాయం గొంతుకు హాయి, తాగండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ మాత్రం వైరస్‌ను ఏమీ చేయలేదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఫ్లూకు నిజంగా పనిచేసే ఒసెల్టామివిర్ డాక్టరు రాయాలి, అదీ మొదటి 48 గంటల్లో మొదలైతేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం, ఎదనొప్పి, మగత, తగ్గిన జ్వరం తిరగబెట్టడం, బిడ్డ పాలు తాగకపోవడం, వీటిలో ఏది కనబడినా కషాయం పక్కనపెట్టి ఆసుపత్రికి బయలుదేరాల్సిందే.

టీకా ఏటా వేయించుకోవాలి, ఎందుకంటే క్రిమి ఏటా వేషం మారుస్తుంది. 2009 మేలో హైదరాబాదులో దేశంలోనే మొదటిసారి బయటపడిన స్వైన్ ఫ్లూ ఎక్కడికీ పోలేదు, మామూలు ఫ్లూలలో ఒకటై తిరుగుతోంది. ఆరు నెలల లోపు బిడ్డకు ఈ టీకా వేయరు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి వేయించుకుంటే బిడ్డకూ కొంత కాపు దొరుకుతుంది. డాక్టరును అడిగి చెల్లెలు వేయించుకుంది.

అన్నిటికంటే కష్టం చుట్టాలు. చూడ్డానికి రాకపోతే మాట పడాలి, వస్తే మంచం మీదే కూర్చుంటారు. మా మేనత్త సంచి నిండా చీనీకాయలతో వచ్చింది. మరిది మాస్కుతో వాకిట్లోకి వచ్చి, సంచి అందుకుని, అరుగు మీదే కూర్చోబెట్టి మాట్లాడి పంపించినాడు. ఆమె నాకు ఫోన్ చేసి పది నిమిషాలు తిట్టింది. ఆఖర్న, "సర్లే, మీ చెల్లెలు కాన్పయినాక ఎన్నాళ్లకు రమ్మంటావు, ఇప్పుడే చెప్పు" అంది. "ఎప్పుడైనా రా అత్తా, పడిశెం లేనప్పుడు" అన్నా.