శిఖంలో బురద తేలే నెలలు

సముద్రం లేని సిద్దిపేటలో నీటిపక్షులేమిటని ఎవరైనా అడిగితే, జనవరిలో ఏదో ఒక పాత చెరువు కట్ట ఎక్కి చూడమనాలి. పులికాట్, కొల్లేరుల పేరు పెద్దదే. కానీ మధ్య ఆసియా దాకా ఎగిరి వెళ్లి వచ్చే బాతులూ ఉల్లంకులూ ముందు చూసుకునేది తమ కాళ్లకూ ముక్కుకూ తగిన లోతు. మన చెరువు ఆ లోతులన్నీ ఒక్కచోటే పరుస్తుంది. కట్ట దగ్గర నిలువులోతు, పోనుపోను నడుములోతు, మోకాలిలోతు, చివరికి శిఖంలో ఒట్టి బురద. యాసంగి నాట్లకు తూము తీశాక నీరు రోజురోజుకూ తగ్గుతుంది, పురుగూ నత్తా ఉన్న కొత్త బురద తేలుతుంది. వలసపక్షులు ఇక్కడుండే నెలలూ అవే. వరికోసం చేసిన ఏర్పాటు వాటికి పంక్తిభోజనమైంది.

చూపు తిరిగినవాళ్లు లోతును బట్టి వెతుకుతారు. నీటికాకులు, మునుగుడుకోళ్లు లోతైన చోట మునిగి తేలుతుంటాయి. నుదుట తెల్లబొట్టుతో బొల్లికోళ్లు నడిమి నీటిలో గుంపుకడతాయి. తోక పైకెత్తి తల ముంచి మేసే సూదితోక బాతులకు లోతు తక్కువ నీరే అనుకూలం. అసలు పరీక్ష బురద అంచున. ఉల్లంకులన్నీ మట్టిరంగే కనుక రంగును వదిలి నడకను పట్టుకోవాలి. వెనకభాగం ఊపుతూనే ఉండేది కామన్ శాండ్‌పైపర్. నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగి పొడిచేది చిన్న ప్లోవర్. తీతువు కంటపడకుండా నడవడం వీటన్నిటికంటే పెద్ద విద్య. అది అరిచిందా, చెరువు చెరువంతా లేస్తుంది.

పొద్దున్నే తూర్పు గట్టున నిలబడాలి, సూర్యుడు వీపున ఉండాలి. ఎదురెండలో పరజైనా బొల్లికోడైనా నల్లమచ్చే. ఎనిమిది రెట్లు దగ్గర చేసే బైనాక్యులర్ చాలు. పది రెట్లది కొంటే చేతి వణుకూ పది రెట్లే కనిపిస్తుంది!

లెక్కకూ ఒక పద్ధతి ఉంది. ముందు పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఆక్రమించిన జాగాను కంటితో కొలుచుకుని, గుంపు మీదుగా అదే కొలతను జరుపుకుంటూ పోవాలి. కుడినుంచి ఒకసారి, ఎడమనుంచి ఒకసారి. ఏమీ కనబడని చెరువుకు సున్నా రాయడం చాలామందికి నామోషీ. ఆ సున్నా లేకపోతే నిరుటికీ ఇప్పటికీ తేడా తెలిసేదెలా?

1931–32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన సలీం అలీ, ఆ కాలపు రివాజు ప్రకారం, పక్షులను కాల్చి నమూనాలు సేకరించేవాడు. నోటుబుక్కుతో తిరిగే అలవాటు తర్వాత బలపడింది. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. దాన్ని నడిపించేది ఎక్కువగా జీతంలేని ఔత్సాహికులే.

ఇప్పుడు జిల్లాలో 3 టీఎంసీల రంగనాయకసాగర్, 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయాలు ఉన్నాయి. నీరు ఎక్కువైతే పక్షులూ ఎక్కువవుతాయనుకోవడం తొందరపాటు. రాయి పరిచిన ఏటవాలు కట్టల దగ్గర నీటికాకికి చోటు దొరుకుతుంది, ఉల్లంకికి దొరకదు. పాత చెరువును కూడా ఏడాది పొడవునా మత్తడి దాకా నింపి ఉంచితే అంచు బురద తేలదు. రైతుకు ఆ నీరు కావాలి, కాదనలేం. కానీ చెరువు చుట్టూ నడకబాట, రాతిగోడ కట్టే ముందు ఒక పక్క శిఖాన్ని వాలుగా, మట్టిగా వదిలేయమని ఇంజినీర్లను అడగడానికి ఆ జనవరి లెక్కలు పనికొస్తాయి.