కురుమూర్తి ఉద్దాలు: ‘అపవిత్రం’ అన్న అనువాదంపై ఒక పరిశీలన

మతజీవన మూలరూపాలపై 1912లో వెలువడిన గ్రంథంలో ఎమిల్ డర్కైమ్ ప్రపంచాన్ని రెండు క్షేత్రాలుగా విభజించాడు. ఆ జంటను తెలుగులో ‘పవిత్రం–అపవిత్రం’ అనడం అలవాటైంది. ఈ అనువాదం ఎంత చిక్కు తెచ్చిందో తెలియడానికి మహబూబ్‌నగర్ జిల్లా కురుమూర్తి జాతర ఒక్కటి చాలు.

డర్కైమ్ చెప్పిన రెండవ క్షేత్రం లౌకికం. నిత్యవ్యవహారానికి చెందిన, నిషేధాలతో కాపాడుకోనక్కరలేని వస్తుజాలం అది. మైల అటువంటిది కాదు. పురుడు, శవం, తోలు వీటి చుట్టూ నిషేధాలే. పవిత్రానికి శుభ, అశుభ ముఖాలు రెండూ ఉంటాయని రాబర్ట్‌సన్ స్మిత్‌ను అనుసరించి డర్కైమ్ అదే గ్రంథం చివరి భాగంలో చర్చించాడు. మన విమర్శ తొలి అధ్యాయం దగ్గరే ఆగినట్టుంది. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పెద్దగట్టు జాతరలో లింగమంతులస్వామికి మాంసం నిషిద్ధం, చౌడమ్మకు బలి విహితం. మాంసాన్ని ‘అపవిత్రం’ అంటే చౌడమ్మను ఏమనాలి?

చిన్నచింతకుంట మండలంలో, కురుమూర్తి కొండలపై వెలసిన వేంకటేశ్వరునికి కార్తికంలో ఉత్సవాలు జరుగుతాయి. వాటిలో జనం ఎదురుచూసేది ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే స్వామి పాదరక్షలు. వడ్డెమాన్‌లో చర్మకారవృత్తివారు ఉపవాసంతో, నియమనిష్ఠలతో వాటిని తయారుచేస్తారు. అక్కడినుంచి అవి ఊరేగింపుగా కొండకు చేరుతాయి. భక్తులు తలకు తాకించుకుంటారు. పవిత్రస్థలంలో చెప్పులు విడవమన్న ఆజ్ఞ మోషే కథగా బైబిలులోనూ, ఖురానులోనూ ఉంది. గుడి ముందు, దర్గా ముందు ఇక్కడివారు చేసేదీ అదే. అటువంటి నేలమీద చెప్పు తలకెక్కడం విశేషం. భరతుడు మోసిన పాదుకలతో దీన్ని పోల్చడం పరిపాటి. పోలిక పూర్తిగా కుదరదు. ఆ పాదుకలు రాముని పాదం సోకి పూజ్యమైనవి. ఉద్దాలు కొండ చేరకముందే పూజ్యం. వాటి పవిత్రత కుట్టిన చేతుల నియమంలోనే మొదలవుతుంది.

దీన్ని కులసమన్వయానికి నిదర్శనంగా కీర్తించే ధోరణి తొందరపాటు. ఉపవాసం పట్టిన రోజుల్లో తోలు ఉద్దాలవుతుంది; జాతర తర్వాత అదే ఆరె, అదే చేయి కుట్టినది మళ్లీ చెప్పే. వస్తువు హద్దు దాటింది, వృత్తి దాటలేదు. లౌకికాన్నీ మైలనూ ఒకే మాటలో కలిపిన విమర్శకు ఈ తేడా కనిపించదు. లౌకికమైన వస్తువును పూజతో పవిత్రం చేయవచ్చు. మైలను మాత్రం వస్తువుకు కాక మనిషి పుట్టుకకు అంటగట్టారు. దాన్ని తొలగించే నియమం ఏ ఉత్సవవిధిలోనూ చేరలేదు.