బొమ్మ ట్యాంకు మీద ఇసుక బస్తాలు

1944–45లో యూరప్‌లో పోరాడిన అమెరికన్ సైనికులు చాలామంది తమ షెర్మన్ ట్యాంకుల మీద ఇసుక బస్తాలు పేర్చుకున్నారు. జర్మన్ల ట్యాంకు విధ్వంసక ఆయుధం పాంజర్‌ఫౌస్ట్ దెబ్బ కాస్తయినా ఆగుతుందని ఆశ. అమెరికన్ జనరల్ పాటన్‌కు మాత్రం అది గిట్టలేదు.

ఆ బస్తాలనే బొమ్మ ట్యాంకుల కోసం 1/35 కొలతలో చేసేవాళ్ల పనితనం చూడాలి. ఎపాక్సీ పుట్టీ ముద్దల మీద, పచ్చిగా ఉండగానే, గుడ్డ అద్ది నేత తెప్పిస్తారు. పై బస్తా బరువుకు కింది బస్తా అణగాలి. లేకపోతే దిండులా తేలిపోతుంది.

అసలు పరీక్ష రంగుది. అన్నిటికీ ఒకే ఖాకీ పూస్తే పని చెడినట్టే. ఒకటి ఎండకు వెలిసి, ఒకటి తడిసి నల్లబడి, మరొకటి కాస్త పచ్చబారి ఉండాలి. పల్చటి ముదురు గోధుమరంగు మడతల్లోకి దిగి ఆరాక, దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో లేత రంగును మిట్టల మీద మాత్రమే తాకిస్తారు. బూటు ఆనే చోట మట్టి, ఇంజను దగ్గర నూనె మరక. చాలామంది ఇక్కడే అతి చేస్తారు. నా ఓటు మాత్రం బురద దగ్గర చెయ్యి ఆపుకున్నవాడికే.