వాజో, న్వాజో, జ్వాజో

బెంగళూరు వర్తూరులో మా అపార్ట్‌మెంటు తెలుగు పిల్లలు కొందరు బడిలో ఫ్రెంచి తీసుకున్నారు. సాయంత్రాలు వాళ్లకు పాఠం చదివించే పని నాది. ఈ వారం పాఠంలో పక్షి వచ్చింది. ఓ, ఐ, ఎస్, ఈ, ఏ, యూ. ఆరక్షరాల్లో ఐదు అచ్చులే, ఒక్కటీ తన పేరుతో పలకదు. ఇంగ్లీషు అలవాటున్న పిల్లాడు ‘ఓయ్‌సియావ్’ అన్నాడు, పాపం.

పలకాల్సింది రెండు ముక్కలే: వా-జో. మొదటి రెండచ్చులు కలిసి ‘వా’, చివరి మూడూ కలిసి ‘ఓ’. రెండచ్చుల నడుమ ఒంటరిగా పడ్డ హల్లు ఫ్రెంచిలో తర్వాతి అచ్చుతోనే పోతుంది. ‘వాజ్-ఓ’ అని విరవకూడదు. ‘బ్ల’ లాంటి జంటా అంతే: చిత్రాన్ని ‘తా-బ్లో’ అంటారు, మనం బకు ల వత్తిచ్చినట్టే. అందుకే ముందు తెలుగులో రాయిస్తాను. మన లిపి ఉచ్చారణను పాడుచేస్తుందనేవాళ్లున్నారు. ఇంగ్లీషు స్పెల్లింగు చేసే చెరుపుతో పోలిస్తే అదెంత!

జ దగ్గర మాత్రం ఆగాలి. ‘జీతం’లో జ కాదు, ‘జొన్న’లో జ. అది పలుకుతూ నాలుక కొసను పైన తగలనివ్వకుండా సన్నటి సందు వదిలితే తుమ్మెద రొదలాంటి చప్పుడొస్తుంది. గొంతు మీద వేలు పెట్టి చూసుకోమంటాను, అదరాలి. అదరకపోతే అది స. ఆ తేడా చిన్నదేం కాదు: ‘ప్వాసోఁ’ చేప, ‘ప్వాజోఁ’ విషం. రాతలో రెండు ఎస్‌లుంటే చేప, ఒకటే ఉంటే విషం. 2015లో కాలుష్యపు నురగ రోడ్డెక్కిన వర్తూరు చెరువు పక్కన పెరిగే పిల్లలకు ఈ జంట ఇట్టే గుర్తుండిపోయింది.

ఇక ‘ఒక పక్షి’. ‘ఒక’కు ఫ్రెంచిలో అరసున్నతో ‘అఁ’. దాని పక్కన వాజో చేరితే ‘అఁ-న్వా-జో’. విడిగా ఉన్నప్పుడు ముక్కులోకి జారుకున్న నకారం అచ్చు ఎదురవగానే బయటికొస్తుంది. మన ద్రుతమూ నకారమే కదా, ‘వచ్చె’ పక్కన ‘అతడు’ చేరితే ‘వచ్చెనతడు’. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్లకు ఈ పాఠం సగం వచ్చినట్టే.

బహువచనంలో ముందు ‘లె’ చేరి ‘లె-జ్వా-జో’. చివర చేరే ఎక్స్ నోరు మెదపదు, పక్షులు ఒకటో పదో ముందున్న ‘లె’ చెప్పాల్సిందే. తెలుగు పిల్లలు జారేది ఇక్కడే. మన ఛందస్సులో జ్వా ముందున్న లె గురువు. ఆ అలవాటుతో ‘లెజ్-జ్వాజో’ అని ఒత్తుతారు. ఫ్రెంచిలో ఆ బరువు లేదు. ముక్కలన్నీ ఇంచుమించు సమానం, చివరి ‘జో’ మాత్రం కాస్త సాగాలి.