పుట్టుమచ్చా? పచ్చబొట్టా?

పచ్చబొట్టుకు అర్థమేంటని అడిగితే ఇవాళ పట్నంలో అందరూ చెప్పే జవాబు ఒకటే: అది నా సొంత విషయం. హైదరాబాద్‌లో టాటూ దుకాణం నుంచి బయటికొచ్చిన కుర్రాణ్ణి అడగండి. చనిపోయిన తల్లి పేరంటాడు, ప్రేమించిన పిల్ల పేరంటాడు, అభిమాన హీరో సంతకమంటాడు. మంచిదే. అతని ఒంటి మీద అతనికి హక్కుంది. ఆ హక్కును మేం కాదనడం లేదు. కాకపోతే 'సొంతం' అన్న మాట దగ్గర కాసేపు ఆగమంటున్నాం. ఈ దేశంలో తమ ఒంటి మీది గుర్తుకు తామే అర్థం చెప్పుకునే వీలు అందరికీ దక్కలేదు. చెయ్యి ఎవరిది, సూది ఎవరి చేతిలో ఉంది? ఈ రెండూ అడక్కుండా పచ్చబొట్టు అర్థం తేలదు.

మాకు దొరికిన మంచి ఉదాహరణ ఒక సినిమా. 1975లో యశ్ చోప్రా తీసిన 'దీవార్'. రాసింది సలీం-జావేద్. యూనియన్ నాయకుడైన తండ్రి పెళ్ళాంబిడ్డల ప్రాణాల కోసం యజమాని కాగితాల మీద సంతకం పెడతాడు. ఆ కోపం పిల్లాడి మీద తీర్చుకుంటారు. పసివాడైన విజయ్‌ని పట్టుకుని, వాడి చేతి మీద 'నా తండ్రి దొంగ' అనే అర్థం వచ్చేట్టు పచ్చబొట్టు పొడిపిస్తారు. అమితాబ్ కోపం గురించి చాలామంది చాలా రాశారు. ఆ కోపం చర్మంలోకి సూదితో దిగిందన్న సంగతిని మాత్రం కథలో ఒక మలుపుగా చూసి వదిలేశారు.

విజయ్ పెద్దవాడై రేవులో కూలీ అవుతాడు. అతని కూలీ బిళ్ళ మీద 786 అంకె ఉంటుంది. అది బిస్మిల్లా అని రహీం చాచా చెబుతాడు. జేబులో దాచుకున్న ఆ బిళ్ళే ఒకసారి తూటాకు అడ్డం పడుతుంది. చివరికి అది చెయ్యి జారాక ప్రాణం పోతుంది. ఒకే మనిషికి రెండు గుర్తులు. ఒకటి చర్మంలో ఉంది, తాను అడిగింది కాదు, వదిలించుకోలేడు. రెండోది ఎప్పుడైనా పారేయొచ్చు, అయినా పారేయలేదు. గుడి మెట్లు ఎక్కనని మొండికేసిన హిందూ కుర్రాడు ఒక ముస్లిం పెద్దాయన చెప్పిన అంకెను గుండె దగ్గర పెట్టుకున్నాడు. ఒంటి మీద ఉన్నంత మాత్రాన గుర్తు సొంతమైపోదని, మనసు ఒప్పుకున్నదే సొంతమని ఈ సినిమా చెప్పినంత సూటిగా మరొకటి చెప్పలేదని మా అభిప్రాయం. అనిత కడుపుతో ఉందని తెలిశాక విజయ్ భయం కూడా ఇదే. పుట్టబోయే బిడ్డ చేతి మీద కూడా లోకం అదే మాట రాస్తుందని.

అయినా మాకో ఫిర్యాదుంది. విజయ్ నొప్పిని సినిమా అంతా చూశాం. రహీం చాచా చేతి మీద ఏముందో ఎవరూ అడగలేదు. ముస్లిం ఇళ్ళల్లో పుట్టిన ఇద్దరు రచయితలు కూడా అడగలేదు. వ్యాపార సినిమాలో మావాళ్ళ పని దీవెన ఇచ్చి, తాయెత్తు ఇచ్చి పక్కకు తప్పుకోవడమే.

బలవంతపు పచ్చబొట్టు సినిమావాళ్ళ కల్పన కాదు. ఈస్టిండియా కంపెనీ 1797లో బెంగాల్లో నిబంధన చేసి, యావజ్జీవ ఖైదీల నుదుటి మీద నేరం పేరు పొడిపించింది. దాన్ని 'గోద్నా' అన్నారు. ఆడవాళ్ళు సింగారానికి వాడుకునే మాటనే సర్కారు శిక్షకు వాడుకుంది. 1849లో ఆ శిక్ష ఎత్తేశారు. చట్టం పోయింది, బుద్ధి పోలేదు. 1993లో అమృత్‌సర్ పోలీసులు కొందరు ఆడవాళ్ళ నుదుటి మీద జేబుదొంగ అని పొడిపించారు. పోలీసులకు శిక్ష పడేసరికి 2016 వచ్చింది. 2019 ఏప్రిల్లో తీహార్ జైల్లోని ఒక ముస్లిం ఖైదీ, తన వీపు మీద 'ఓం' అని వాత పెట్టారని ఢిల్లీ కోర్టులో మొరపెట్టుకున్నాడు.

1947 సంగతి ఇంకా ఘోరం. ఎత్తుకుపోయిన ఆడవాళ్ళ ఒళ్ళ మీద అటువాళ్ళు పాకిస్తాన్ జిందాబాద్ అని, ఇటువాళ్ళు హిందుస్తాన్ జిందాబాద్ అని పొడిచారు. రీతూ మీనన్, కమలా భసీన్ 1998లో తెచ్చిన 'బోర్డర్స్ అండ్ బౌండరీస్' పుస్తకంలో ఇది నమోదైంది. సూది పట్టిన చేతుల్లో ముస్లిం చేతులూ ఉన్నాయి. ఆ మాట చెప్పకుండా ఈ వ్యాసం రాసే హక్కు మాకు లేదు.

పల్లెల్లో మా ఇళ్ళ సంగతి వేరు. మా నానీల, దాదీల తరంలో ముంజేతుల మీద, గదవ మీద పచ్చటి చుక్కలు మేం చూశాం. ఊళ్ళో కాపుటామెకు, మాదిగామెకు పొడిచిన ఎరుకలామే వీళ్ళకూ పొడిచింది. అవే సూదులు, అదే పసరు, పైన అదే పసుపు. చచ్చాక వంటి మీది నగలన్నీ ఊడదీస్తారు, వెంట వచ్చేది ఇదొక్కటేనని ఆ తరం చెప్పుకునేది. సెంటు భూమి లేని ఆడమనిషికి మొగుడు తాకట్టు పెట్టలేని నగ అది. సొంత అర్థమంటే అదీ! ఆ అర్థాన్ని చేతికందించిన ఎరుకల జనాన్ని తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ జాతిగా రాసిపెట్టింది. 1871లో మొదలైన ఆ చట్టం దేశమంతటా పోయేసరికి 1952 వచ్చింది. ఊరందరికీ అడిగిన గుర్తు పొడిచినామె నుదుటి మీద సర్కారు అడగని గుర్తు పొడిచింది. స్టువార్టుపురం పేరు చెబితే నవ్వేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పచ్చబొట్టు హరామని ఆలిములు అంటారు. పొడిచే స్త్రీని, పొడిపించుకునే స్త్రీని ప్రవక్త(స) శపించారని బుఖారీ హదీసుల్లో ఉంది. మేం దాన్ని దాచడం లేదు. ఆ మాట మనస్ఫూర్తిగా పాటించి సూది ముట్టని అమ్మాయిదీ సొంత నిర్ణయమే. ఒంటి మీద హక్కంటే పొడిపించుకోని హక్కు కూడా. కానీ చేతి మీది చుక్కను చూసి నానీ ఈమాన్‌ను కొలిచేవాళ్ళను ఒకటి అడుగుతాం. అల్జీరియా, మొరాకో కొండల్లో అమాజిగ్ ముస్లిం ఆడవాళ్ళు తరాల తరబడి ముఖాల మీద పచ్చబొట్లతోనే నమాజు చదివారు. వాళ్ళేం ముస్లింలు కారా? నానీ చుక్క మీదున్న పట్టింపు జోడేకీ రఖం మీద ఎందుకు లేదు? పాపం నానీ! ఇటు నుంచి ఇంత ముస్లిమా అంటారు, అటు నుంచి ఇంతేనా ముస్లిం అంటారు. ఆమెనెవరూ అడగరు.

తెలుగు కవిత్వంలో ముస్లిం గొంతు గట్టిగా వినిపించింది ఖాదర్ మొహియుద్దీన్ 1991 నాటి 'పుట్టుమచ్చ'తో. ఆ పేరును మేం ఇవాళ ఇంకోలా చదువుకుంటున్నాం. పుట్టుమచ్చ పుట్టుకతో వస్తుంది, దానికి బాధ్యులుండరు. పచ్చబొట్టుకు పొడిచిన చెయ్యి ఉంటుంది. ముస్లిం మీది అనుమానానికి కూడా చెయ్యి ఉంది. పుట్టగానే పొడిచేశారు కనక అది పుట్టుమచ్చలా కనబడుతోంది. ఇల్లు అద్దెకు అడిగితే ముందు పేరడుగుతారు. పేరు చెప్పగానే ఖాళీగా ఉన్న ఇల్లు నిండిపోతుంది. మా పేరును మా అమ్మీ ముద్దుగా పెట్టుకుంది. దాని మీద అనుమానం పొడిచింది ఇంకెవరో.

అందుకే లౌకికవాద మిత్రులకు మా విన్నపం. టాటూ పొడిపించుకున్న కుర్రాడు దాని అర్థం చెబుతుంటే ముచ్చటగా వింటున్నారు. టోపీ పెట్టుకున్నవాణ్ణి, పెట్టుకోనివాణ్ణి, బురఖా వేసుకున్నామెను, వేసుకోనామెను, చేతి మీద పచ్చచుక్క ఉన్న ముసలమ్మను కూడా అలాగే అడగండి. వాళ్ళు చెప్పేదాకా ఆగండి. మా మతపెద్దలకూ ఇదే మాట. ఎవరి ఒంటి గుర్తుకు అర్థం వాళ్ళే చెప్పాలి. సూది పట్టినవాళ్ళు చెప్పాల్సింది మాత్రం ఒకటుంది: ఎందుకు పొడిచారో.